పాత స్టీల్ టూల్ ఇంకా ఎందుకు వాడుతున్నానంటే

సోఫా క్లీనింగ్‌కి వెళ్తే కస్టమర్లంతా మెషిన్ వంకే చూస్తారు. కానీ పని చేసేది దాని గొట్టం చివర చేతిలో పట్టుకునే టూల్, గుడ్డ మీద నీళ్లు చిమ్మి మురికితో సహా వెనక్కి పీల్చేది అదే. నాది పాత స్టీల్‌ది, సెకండ్‌హ్యాండ్‌లో మెషిన్ కొన్నప్పుడు దాంతోపాటు వచ్చింది. నాలుగంగుళాల మూతి, ఇత్తడి వాల్వు, వేళ్లు ఆనీ ఆనీ నున్నగా అరిగిపోయిన ట్రిగ్గర్. నా దగ్గర పనిచేసే కుర్రాడు దాన్ని ఇనప ముక్క అంటాడు. వాడికి కొత్త ప్లాస్టిక్ టూలే ఇష్టం, తేలిక కదా, పైగా మూతి అద్దంలా ఉంటుంది కాబట్టి మురికినీళ్లు లోపలికి పోవడం కళ్లారా కనిపిస్తుంది. ఆ నల్లటి నీళ్లు చూశాక బేరమాడేవాళ్లు తక్కువేలెండి.

స్టీలు మూతిలో ఏమీ కనపడదు, చెవులు పెట్టి పని చేయాలి. గుడ్డలో తడి ఉన్నంతసేపు గొట్టం గురగురమంటుంది, తడి తగ్గేకొద్దీ ఆ చప్పుడు సన్నబడి ఈలలా మారుతుంది. అందుకే ట్రిగ్గర్ నొక్కి నీళ్లు కొడుతూ ఒకసారి, వదిలేసి తడి పీలుస్తూ రెండు మూడు సార్లు లాగుతాను.

నీళ్లు చిమ్మే చిన్న ముక్కుని జెట్ అంటారు, దీని జెట్ మీద 8001 అని చెక్కి ఉంటుంది. నీళ్లు 80 డిగ్రీల కోణంలో విచ్చుకుంటాయని, 40 పీఎస్‌ఐ ప్రెషర్ దగ్గర నిమిషానికి 0.1 గ్యాలన్, అంటే సుమారు 380 మిల్లీలీటర్లు వదులుతుందని దాని అర్థం. జెట్ బాగుంటే నీళ్లు విసనకర్రలా వస్తాయి. మా బోరు నీళ్లకి సున్నం పట్టిందా, ఒక పక్క తోకలా కారతాయి. ఒకసారి మావాడు గుండుసూదితో పొడిచేశాడు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైంది, నేనూ చూసుకోలేదు. ఆ రోజు పని లేత రంగు కాటన్ సోఫా మీద. ఒక చారంతా ఎక్కువ తడిసి, ఆరేసరికి టీ ఒలికినట్టు గోధుమరంగు మరక తేలింది, మర్నాడు పొద్దున్నే ఫోన్. ఎంత టెన్షన్ పడ్డానో! పలచటి యాసిడ్ రిన్స్ కొట్టి, తెల్ల టవళ్లతో అద్ది అద్ది చాలావరకు తీశాం. అప్పటినుంచి సూది బంద్. వేడినీళ్లలో కాస్త నిమ్మ ఉప్పు కలిపి కొద్దిసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దడమే.

దీనికీ లోపముంది, కాదనను. జెట్ మూతికి బయట ఉండటంతో చెయ్యి కొంచెం పైకి లేస్తే చాలు, పక్కనంతా తడిసిపోతుంది. వెల్వెట్‌కి, కాటన్‌కి ఇప్పుడు జెట్ లోపలున్న ప్లాస్టిక్‌దే వాడుతున్నా. మిగతావాటికి ఇదే, ఎందుకంటే విప్పి బాగుచేసుకోవచ్చు. వాల్వు కారితే రాణీగంజ్‌లో ఓ-రింగ్, అదే చిన్న రబ్బరు రింగు, తెచ్చి వేసుకుంటే అయిపోతుంది. మా మొదటి ప్లాస్టిక్ టూల్ వాల్వు కారినప్పుడు విప్పుదామంటే స్క్రూనే లేదు, అంతా అతికించేశారు, పారేయాల్సి వచ్చింది.

ఇంకో సంగతి, స్టీలు మూతి టైల్స్ మీద పడితే అంచు నొక్కుకుని చిన్న ముల్లు లేస్తుంది, అది గుడ్డ దారాన్ని లాగేస్తుంది. కంటికి ఆనదు. దూది ఉండతో అంచంతా తుడుస్తాను, ఎక్కడ పీచు పట్టుకుంటే అక్కడ సన్న ఎమెరీ పేపర్‌తో రెండు రుద్దులు. మొన్న మణికొండలో పని మొదలుపెట్టబోతుంటే మా కుర్రాడే జేబులోంచి దూది తీసి ఇచ్చాడు, "మీ ఇనప ముక్క నిన్న నా చేతిలోంచి జారింది అన్నా" అంటూ.