బారల లెక్క

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నేను ఎంచుకున్న చేప కానాగంత. శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. 1803లో విశాఖ తీరపు చేపల వివరాలు అచ్చు వేయించిన పాట్రిక్ రస్సెల్ మనవాళ్లు పిలిచే పేరే రాసుకున్నాడు. ఈ రోజుకీ ప్రపంచమంతా అదే పేరు.

నన్ను పట్టుకున్నది ఒక లెక్క. 1985-89 మధ్య దేశంలో పట్టిన కానాగంతల్లో, అడుగున ఈడ్చే ట్రాల్ వలలకి పడినవి 2 శాతమే. 2003-07 నాటికి అది 15 శాతమైందని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు చెప్పారు. పైనీటిలో గుంపుగా తిరిగే చేప అడుగు వలకి ఎందుకు చిక్కుతోంది? పైన నీరు వేడెక్కడంతో చేప కిందికి దిగుతోందా?

వేట నిషేధం జూన్ 14తో ముగియగానే, తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లడం మొదలుపెట్టాను. వేలం మొదలైతే ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు. ఎంత లోతులో పడ్డాయని అడిగి, చెప్పిన అంకె రాసుకునేదాన్ని. రెండు వారాలయ్యాక ఒక పెద్దాయన నా ఫారం చూసి, తాడు తీసుకుని రెండు చేతులూ బారజాపారు. "ఇదమ్మా బార. మేం చెప్పేది ఈ లెక్క." బారంటే సుమారు ఆరడుగులు. వాళ్లు ఇరవై అంటే నేను ఇరవై మీటర్లనుకున్నాను. అది 36 మీటర్ల పైమాటే! అన్నీ మళ్లీ లెక్కగట్టాను.

ఆర్గో తేలియాడే యంత్రాల కొలతలు కూడా తీసుకున్నాను. అవి పది రోజులకోసారి 2000 మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలుస్తాయి. బంగాళాఖాతం సంగతి వేరు. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి తెచ్చే మంచినీరు తేలిక కాబట్టి పైనే పొరలా ఉండిపోతుంది, కింది చల్లనీటితో త్వరగా కలవదు. అలాగని చేప ఎంతైనా దిగిపోలేదు. ఇంకాస్త కిందికి వెళ్తే ఆక్సిజన్ బాగా తక్కువ. పైన వేడి, కింద ఊపిరాడని నీరు. ఈ రెంటి మధ్య ఇరుక్కున్న చేపని తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

మా గైడ్ ఒక ప్రశ్న వేశారు: "చేప దిగిందా, లేక వల మారిందా?" న్యాయమైన ప్రశ్న. ట్రాల్ వలల మూతి ఎత్తు పెరిగితే పైనున్న చేప కూడా పడుతుంది. అందుకే వల రకం, ఎత్తు, దింపిన లోతు చేర్చి ఫారం కొత్తగా తయారుచేశాను. నా ఒక్క సీజన్ లెక్కతో ఏదీ తేలదని రిపోర్టులో స్పష్టంగా రాశాను.

వైవా అయ్యాక, ఆర్గో కొలతలతో గీసిన ఉష్ణోగ్రత పటాన్ని బారల్లో మళ్లీ గీసి పెద్దాయనకి పట్టుకెళ్లాను. ఆయన పైనుంచి కిందికి గీత వెంబడి వేలు జరుపుతూ ఒకచోట ఆగారు.

"మా వల ఇక్కడిదాకేనమ్మా."