సరేసు కరిగిన సాయంత్రం

హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో కొన్న పాత టేకు కుర్చీ వెనక కాలు ఊగుతోంది. మేకు కొట్టించెయ్యమన్నారు అందరూ. నాకు మనసొప్పలేదు. మేకు దిగితే బెజ్జంలో ఉన్న కుసి, అంటే అందులో దూరేలా చెక్క కొసను చెక్కిన నాలుక, చీలిపోవచ్చు.

అతుకు అంచున గోరుతో గీకితే తేనెరంగు పలుకులు రాలాయి. తడి వేలికి జిగటగా అంటుకున్నాయి. అంటే సరేసే, పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసే జిగురు. వేడికీ తేమకూ లొంగుతుంది.

సిరంజితో 60 డిగ్రీల వేడినీళ్లు చుక్కచుక్కగా ఎక్కించాను. బయట పడినవి వెంటనే తుడిచాను, లక్క పాలిష్ నీళ్లకు తెల్లబడుతుంది మరి. పావుగంట ఆగి మళ్లీ. మూడోసారికి తడి తోలు వాసన వచ్చింది. కాలు మెల్లగా అటూ ఇటూ కదిపితే, చప్పుడు లేకుండా కుసి బయటికొచ్చేసింది. దాని మీద పాత వడ్రంగి ఉలి గీతలు ఇంకా అలాగే ఉన్నాయి.