బిల్లు మీద బడి పేరుంటే సరిపోదు

మహారాష్ట్రలోని మా బల్లార్‌పూర్‌లో ఇంటి పన్ను బిల్లు మరాఠీలో వస్తుంది. అందులో ‘శిక్షణ్ కర్’, అంటే విద్యా పన్ను, అని ఒక వరుస ఉంటుంది. ఈమధ్య మా వార్డు పెద్దాయన ఒకరు ఆ వరుస మీద వేలు పెట్టి అడిగారు: “అమ్మా, నువ్వు ట్రెజరీలో పని చేసినదానివి. మన బడి గదులు వానకు ఉరుస్తున్నాయి. ఈ పన్ను బడికోసమే కదా, దీన్ని పూచీగా రాసిచ్చి కాంట్రాక్టర్‌తో పని మొదలుపెట్టిద్దామా?”

వద్దన్నాను. అలా రాసిచ్చిన కాగితం చెల్లదు. ఆ పన్ను 1962 నాటి మహారాష్ట్ర చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వానికి చెందినది. నగర పరిషత్ (మున్సిపాలిటీ) వసూలు చేసి ప్రభుత్వానికి జమ కడుతుంది. తనది కాని సొమ్మును నగర పరిషత్తే తాకట్టు పెట్టలేదు, మనమెలా పెడతాం? నగర పరిషత్ తన సొంత నిధుల పూచీ మీద అప్పు చేయడానికి 1914 నాటి లోకల్ అథారిటీస్ లోన్స్ యాక్ట్ ఉంది. దానికీ నియమాలున్నాయి.

రాష్ట్రానికి చేరిన సొమ్ము రాజ్యాంగం 266వ అధికరణం ప్రకారం సంచిత నిధిలో, అంటే ప్రభుత్వ రాబడి చేరే ఖజానాలో పడుతుంది. చట్టం లేకుండా అందులోంచి రూపాయి బయటికి రాదు. మంత్రిగారు సభలో మాటిచ్చినా, అధికారి సంతకం పెట్టినా శాసనసభ ఒప్పుకోనిదే ఆ మాటకు బలం లేదు. చాలామంది ఇక్కడే మోసపోతారు.

పేరు పెట్టి వసూలు చేసినంత మాత్రాన డబ్బు ఆ పనికి చేరుతుందన్న భరోసా కూడా లేదు. సెకండరీ, ఉన్నత విద్య పేరుతో కేంద్రం పన్ను మీద 1 శాతం సెస్ (అదనపు పన్ను) 2007లో మొదలుపెట్టింది. దానికి ప్రత్యేక నిధి పెట్టడానికి కేబినెట్ ఆమోదం దొరికింది 2017 ఆగస్టులో! పదేళ్లలో ఎంతమంది పిల్లలు పదో తరగతి దాటిపోయారో తలచుకుంటే నాకు కడుపు మండుతుంది.

మా అక్క కూతురు కాలిఫోర్నియాలో ఉంటుంది. వాళ్ల ఇంటి పన్ను బిల్లులోనూ బడి బాండ్ల వరుసలుంటాయి, అంటే బడి కట్టడాలకు చేసిన అప్పు తీర్చే పన్ను. అయితే అక్కడ ముందు ఓటర్లు ఒప్పుకోవాలి. 2000లో ఓటర్లే ఆమోదించిన ప్రపోజిషన్ 39 అనే నియమం కింద 55 శాతం ఓట్లు చాలు, కానీ ఆ బాండ్ల డబ్బుతో టీచర్ల జీతాలివ్వకూడదు. ఏటా ఆడిట్ జరగాలి, పౌరుల కమిటీ చూడాలి. 2015లో ఆ రాష్ట్రం చేసిన ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 222 చట్టం ఇంకో అడుగు వేసింది. బాండ్లు తీర్చడానికి వేసే ఆ పన్ను రాబడి మీద బాండ్లు కొన్నవాళ్లకు చట్టమే హక్కు ఇచ్చింది, విడిగా ఎవరూ రాసివ్వనక్కర్లేదు. పూచీ నిలబడాలంటే ఇంత కట్టుదిట్టం కావాలి.

అందుకే పెద్దాయనకు చెప్పాను: గదుల మరమ్మతును నగర పరిషత్ బడ్జెట్‌లో ఒక పద్దుగా పెట్టించండి, సభలో తీర్మానం చేయించండి, మంజూరు కాగితం చేతికొచ్చాకే తాపీమేస్త్రీని పిలవండి. ముందే పిలిస్తే, బిల్లు ఆగిపోయినప్పుడు ఎండలో పని చేసిన కూలీకి జవాబు చెప్పేవాళ్లు ఉండరు. అర్జీ రాయడానికి ఆయనతో పాటు నేనూ కూర్చుంటాను.