సగం ట్యాంకు

2024 జనవరి 2 మధ్యాహ్నం. హైదరాబాద్‌లో ఏ బంకు చూసినా రోడ్డు దాకా బండ్ల వరస. హిట్ అండ్ రన్ కేసుల్లో పదేళ్ల దాకా జైలు అన్న కొత్త సెక్షన్ వద్దంటూ ట్యాంకర్ డ్రైవర్లు సమ్మెకు దిగారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, మా డ్రైవర్లదీ అదే భయం. కానీ ఆ పూటకి మా 14 లారీలూ లోడుతో దారిలో ఉన్నాయి. ఏ ట్యాంకులో ఎంత డీజిల్ ఉందో ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆ లెక్కలు చూసేది నేనే.

మా దగ్గర ఫుల్ టు ఫుల్ లెక్క ఉండేది, అంటే ట్యాంకు నింపి పంపి, తిరిగొచ్చాక మళ్లీ నింపి చూసే లెక్క. ట్రిప్పు అయ్యాక బండి ఎంత తాగింది, మైలేజీ ఎంత వచ్చింది అని. అదంతా అయిపోయిన డీజిల్ లెక్క. ఉన్న డీజిల్ ఎంతో ఎప్పుడూ రాసుకోలేదు.

ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. "ముల్లు ఎర్రగీత కిందికి పోయింది బాబూ, ఖమ్మం దాకా రాదు" అన్నాడు మా పెద్ద డ్రైవర్. ఆయన్ని బాబాయ్ అని పిలుస్తాను. ఆ బండిలో ఉన్నవి ఆసుపత్రికి వెళ్లాల్సిన సెలైన్ పెట్టెలు. నకిరేకల్ దాటాక బండి ఆగిపోయింది. విజయవాడ నుంచి వస్తున్న మా ఇంకో లారీని అవతలి వైపు ఆపించి, పైపుతో 40 లీటర్లు తీయించి, క్యాన్లతో డివైడర్ దాటించాం. డీజిల్ బండి ట్యాంకు ఎండితే లైన్‌లో గాలి పడుతుంది, మళ్లీ పోసినంత మాత్రాన స్టార్ట్ కాదు. హ్యాండ్ పంపు కొట్టి గాలి తీయడానికి బాబాయ్‌కి గంట పట్టింది. సెలైన్ రాత్రి పదింటికి చేరింది. సమ్మె కూడా ఆ రాత్రే ఆగింది. నాకు మాత్రం తెల్లవార్లూ నిద్ర పట్టలేదు.

యార్డులో డ్రమ్ములు పెడదామన్నారు ఓనర్ గారు. చట్టం చూశాను. మొత్తం 2,500 లీటర్లు, ఒక్కో పాత్రలో 1,000 లీటర్లు మించకపోతే డీజిల్ నిల్వకు లైసెన్సు అక్కర్లేదు. అయితే మా గోడకు ఆనుకునే వెల్డింగ్ షాపు ఉంది. చట్టం ఒప్పుకున్నా నేను ఒప్పుకోలేనని చెప్పాను.

బదులుగా ఒకటే అడిగాను: ఏ బండీ సగం ట్యాంకు కంటే దిగకూడదు. మావి 300 లీటర్ల ట్యాంకులు. సగం అంటే 150, లీటరుకు నాలుగు చొప్పున 600 కిలోమీటర్లు. "14 బండ్లలో రెండు లక్షల రూపాయల డీజిల్ ఊరికే మోసుకు తిరగాలా?" అన్నారాయన. ఆ మాటలో న్యాయం ఉంది. నేను ఆ సెలైన్ లోడు బిల్టీ (సరుకు రవాణా రసీదు) తీసి ఆయన ముందు పెట్టాను. ఒప్పుకున్నారు.

తర్వాత ఏ బండిలో ఎంత డీజిల్ ఉందో రాసే బోర్డు గోడకు పెట్టాం. సాయంత్రం ఆరింటికి ప్రతి డ్రైవరూ ముల్లు ఫోటో పంపాలి, బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) బండైతే పొగను శుభ్రం చేసే ద్రవం యాడ్‌బ్లూ ఎంతుందో కూడా. హైవేకి రెండు వైపులా, వేర్వేరు కంపెనీల బంకుల్లో ఖాతాలు తెరిచాం. కొరత వస్తే డీజిల్ ముందు మందుల బండ్లకు, తర్వాత పాల బండ్లకు; సిమెంటు బండ్లు ఆగుతాయి. ఈ వరస డ్రైవర్లందరినీ కూర్చోబెట్టి రాశాను. మొదటి నెల సగం మంది ఫోటోలు పంపలేదు. రోజూ ఫోన్ చేసి అడగడమే నా పనైంది.

ఆ ఏడాదే సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవే మునిగింది. బండ్లను నార్కెట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా చుట్టు తిప్పారు. మావి మూడు విజయవాడ వైపు వెళుతున్నాయి. బోర్డు చూసి బాబాయ్‌కి ఫోన్ చేశాను.

"సగం పైనే ఉంది బాబూ, మిర్యాలగూడ వైపు తిప్పేశాను" అన్నాడు.