ఓడల బడి చూసొద్దామని

ఇంటర్ పరీక్షలు అయ్యీ అవకముందే మా మేనల్లుడు మర్చంట్ నేవీకి వెళ్తానని పట్టుబట్టాడు. అక్కేమో "నువ్వెళ్లి చూసొచ్చి చెప్పరా, అప్పుడు డబ్బు సంగతి ఆలోచిద్దాం" అంది. అప్పటికే విశాఖలో ఒక ఏజెంటు లక్షల్లో అంకె చెప్పి, కోర్సు అవ్వగానే ఓడ ఎక్కించే పూచీ తనదన్నాడు. ఆ మాట కాగితం మీద రాసిమ్మంటే నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఏప్రిల్ ఎండల్లో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాం.

విశాఖలోనే ఓడల చదువులు చెప్పే మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉండగా ముంబయి దాకా ఎందుకని చాలామంది అడిగారు. మన క్యాంపస్‌లో ప్రధానంగా నేర్పేది ఓడల డిజైన్. ఓడ నడపడం నేర్చుకోవాలంటే చూడాల్సింది నవీ ముంబయిలోని చాణక్య అనే శిక్షణ సంస్థ.

కల్యాణ్‌లో దిగి, ఠాణే మీదుగా లోకల్ మారి, ఆదివారం పూట సీవుడ్స్ చేరాం. చాణక్య పేరు ముందు 'ట్రైనింగ్ షిప్' అని ఉంటుంది కానీ అక్కడ ఓడ లేదు, నేల మీద క్యాంపస్సే. ఒకప్పుడు నిజంగా ఓడే. 1927లో మజగావ్ దగ్గర లంగరేసిన డఫరిన్ అనే ఓడలో ఈ శిక్షణ మొదలైంది. 1972లో దాని స్థానంలో రాజేంద్ర వచ్చింది. 1993లో బడి ఒడ్డుకు చేరి చాణక్య అయింది. 2008లో మారిటైమ్ యూనివర్సిటీ ఏర్పడ్డాక అందులో కలిసింది.

అనుమతి లేనిదే లోపలికి పంపమని గేటు దగ్గరే ఆపేశారు. పక్కనున్న చిత్తడి నేలలో మాత్రం ఫ్లెమింగోలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. వాటి కోసం మనం సూళ్లూరుపేట వెళ్తాం, ఇక్కడ అపార్ట్‌మెంట్ల నీడలోనే మేస్తున్నాయి. ఫొటోలు తీస్తుంటే మా తెలుగు విని, తెల్ల యూనిఫాం వేసుకున్న ఒక క్యాడెట్ ఆగాడు. బొబ్బిలి కుర్రాడట. సెలవు పూట బయటికొచ్చాడు. పొద్దున్నే లేపి పరుగెత్తించడం, ఈత, బూట్ల పాలిష్, ఇస్త్రీ మడత చెడితే తిట్లు, అన్నీ హుషారుగానే చెప్పాడు. చెబుతూ చెబుతూ మావాడి కళ్లజోడు చూశాడు.

"డెక్ సైడా తమ్ముడూ?"

వీడు తలూపాడు. డెక్ అంటే ఓడ నడిపే వైపు, ఇంజిన్ వైపు కాదు.

"ముందు డాక్టరు దగ్గరికి వెళ్లు. అద్దాలు లేకుండానే చూపు ఆనాలి."

ఏజెంటు ఈ ముక్క ఎత్తనే లేదు. ఆ రోజంతా వీడు మాట్లాడలేదు, వడాపావ్ కూడా సగం వదిలేశాడు.

మర్నాడు సీబీడీ బేలాపూర్ వైపు ఒక ప్రైవేటు శిక్షణ సంస్థకు వెళ్లాం. ఎస్‌టీసీడబ్ల్యూ అనే 1978 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ప్రాణరక్షణ, మంటలార్పడం, ప్రథమ చికిత్స లాంటి బేసిక్ కోర్సులు చేయనిదే ఎవరూ నావికుడిగా ఓడ ఎక్కలేరు. మేం వెళ్లేసరికి ఈత కొలనులో ప్రాణరక్షణ క్లాసు నడుస్తోంది. ఎత్తున్న గట్టు మీంచి లైఫ్ జాకెట్‌తో దూకాలి. ఒక చేత్తో ముక్కూ నోరూ మూసుకుని, రెండో చేత్తో జాకెట్‌ను కిందికి అదిమి పట్టుకోవాలి. అదమకపోతే నీళ్లు తగలగానే అది పైకి లేచి గడ్డానికి కొడుతుంది. చూపు ఎదురుగానే ఉండాలి, కిందికి చూస్తే బోర్లా పడతారు. ఒక కుర్రాడు గట్టు చివర చాలాసేపు నిలబడిపోయాడు. ఇన్‌స్ట్రక్టర్ అరవలేదు, తొందరపెట్టలేదు. వెనకున్న వాళ్లే పేరు పెట్టి పిలుస్తూ చప్పట్లు కొట్టారు. చివరికి దూకాడు.

ఆ తర్వాత తలకిందులైన లైఫ్ రాఫ్ట్‌ను సరిచేయడం. గ్యాస్ సిలిండర్ ఉన్న వైపు దాని అడుగు భాగం మీదికెక్కి, పట్టీ పట్టుకుని ఒళ్లంతా వెనక్కి వాలిస్తే, రబ్బరు తెప్ప మొత్తం లేచి మనిషి మీదే పడుతుంది. దాని కిందనుంచి ఈదుకుంటూ బయటికి రావాలి. చూస్తున్న నాకే ఊపిరాడలేదు. మావాడు మాత్రం, "మామయ్యా, మళ్లీ చేస్తారేమో చూద్దాం" అని కదల్లేదు.

అక్కడి రిటైర్డ్ కెప్టెన్ ఒకాయన ముక్కుసూటి మనిషి. "సర్టిఫికెట్ మేమిస్తాం, ఓడ మాత్రం కంపెనీయే ఇవ్వాలి" అన్నారు. ఏడాది డిప్లొమా చేసినవాడు ఆపైన 18 నెలలు, మూడేళ్ల బీఎస్సీ చేసినవాడు 12 నెలలు సముద్రం మీద పనిచేస్తే గానీ సెకండ్ మేట్ అనే డెక్ ఆఫీసరు పరీక్ష రాయలేడు. స్పాన్సర్ చేసే కంపెనీ లేకుండా ఫీజు కట్టినవాళ్లు ఆ నెలల కోసమే ఏళ్లు తిరుగుతారట. ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో గుర్తింపు ఉన్న సంస్థల జాబితా, ఉద్యోగంలోకి పంపే లైసెన్సు ఉన్న కంపెనీల జాబితా రెండూ ఉంటాయన్నారు. ఆయన ముందే ఫోన్‌లో తెరిచి చూశాను. మా ఏజెంటు పేరు ఎక్కడా లేదు. నన్నడిగితే, శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా ప్రతి జూనియర్ కాలేజీ నోటీసు బోర్డు మీదా ఆ జాబితాలు అంటించాలి.

మూడో రోజు బల్లార్డ్ ఎస్టేట్ వీధుల్లో సింధియా హౌస్ కనిపించింది. 1919 ఏప్రిల్ 5న లాయల్టీ అనే ఓడను లండన్‌కు పంపిన వాల్‌చంద్ హీరాచంద్ వాళ్ల సింధియా ఓడల కంపెనీది ఆ భవనం. 1941లో మన విశాఖలో షిప్‌యార్డుకు పునాది వేసిందీ వాళ్లే. మల్కాపురం పక్కనున్న మా సింధియాకు ఆ పేరు అలాగే వచ్చింది. మావాడు అక్కడ ఫొటో దిగి వాళ్ల నాన్నకు పంపాడు.

సాయంత్రం డీజీ షిప్పింగ్ ఆమోదం ఉన్న డాక్టరు దగ్గర పరీక్ష. రంగుల చుక్కల్లో దాగిన అంకెలన్నీ టకటకా చెప్పేశాడు. కళ్లజోడు తీసి అక్షరాలు చదవమంటే మూడో వరుస దగ్గర ఆగిపోయాడు. డెక్ కుదరదనీ, ఇంజిన్ వైపు ఈ మాత్రం పవర్‌కు ఒప్పుకుంటారనీ డాక్టరు చెప్పారు. అంటే నాలుగేళ్ల మెరైన్ ఇంజినీరింగ్ బీటెక్, కోల్‌కతాలోనో ముంబయి పోర్ట్ క్యాంపస్‌లోనో. ఇంటర్ ఎంపీసీలో 60 శాతం రావాలి, ఆపైన ఎంట్రన్స్.

అక్కకు ఫోన్ చేస్తే మొత్తం విని, "ఇంజిన్ అంటే అడుగున వేడిలోనేనా? వాడికి ఉక్కపోత అస్సలు పడదు కదరా" అంది.

ఫోన్ మావాడు లాక్కున్నాడు. "పడుద్దిలేమ్మా. ముందు నా టెన్త్ మెమో ఫొటో తీసి పంపు, అప్లికేషన్‌కి కావాలి."