బీరువా అడుగు అర

ఈ సంచికకు బడి చరిత్ర రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు నేను మొదట చేసిన పని, మన కథోలిక గుడి పక్కనున్న ఆఫీసు గదిలోని పాత ఇనుప బీరువాను ఫాదర్ గారి అనుమతితో తెరిపించడం. వరంగల్ స్టేషన్‌లో రైలు కూత వేస్తే తరగతిలో పాఠం ఆగిపోయేంత దగ్గరలో ఉన్న మన విచారణ (ఒక గుడి పరిధిలోని కథోలిక సంఘం) బడి కాగితాలన్నీ అందులోనే ఉంటాయని చిన్ననాటి నుండి వింటున్నాను గాని, కళ్లతో చూడడం అదే మొదలు. పై అరలో జ్ఞానస్నానాల, అంటే బాప్తిస్మాల, పుస్తకాలు లాటిన్‌లో ఉన్నాయి. నడిమి అరలో నిజాం కాలపు ఉత్తరప్రత్యుత్తరాలు ఉర్దూలో ఉన్నాయి. అడుగు అరలో మన అడ్మిషన్ రిజిస్టర్లు తెలుగులో ఉన్నాయి.

ఈ మూడు భాషలు ఒకే బీరువాలోకి ఎట్లా చేరాయో చెప్పాలంటే కొంత వెనక్కి వెళ్లాలి. మిలాన్ నగరం కేంద్రంగా గల పీమే అనే కథోలిక మిషనరీ సభ గురువులు 19వ శతాబ్దం నడుమ నుండి నిజాం రాజ్యంలో పనిచేశారు. హైదరాబాదు 1886లో మేత్రాసనం, అంటే ఒక బిషపు పాలనలోని ప్రాంతం, అయింది. 1929లో కాజీపేట, బల్లార్షా మార్గం పూర్తయి, ఢిల్లీ, మద్రాసుల నడుమ నడిచే బండ్లు మన ఊరి మీదుగా పోవడం మొదలయ్యాక, రైల్వే కొలువుల మీద వచ్చిన తమిళ, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఈ చుట్టుపక్కల స్థిరపడ్డాయి. 1934లో ఆజంజాహీ మిల్లు వెలిసింది, పల్లెల నుండి కూలీలు పట్నానికి తరలివచ్చారు. 1952 డిసెంబరు 22న వరంగల్ ప్రత్యేక మేత్రాసనంగా ఏర్పడింది. అప్పటికి హైదరాబాదు పీఠాధిపతిగా (బిషపుగా) ఉన్న అల్ఫోన్సో బెరెట్టా గారు 1953లో వరంగల్ తొలి పీఠాధిపతిగా వచ్చి 1985 దాకా ఆ బాధ్యతలో ఉన్నారు. పీఠం కాజీపేట ఫాతిమానగర్‌లో వెలసింది. అక్కడి పెద్ద పాఠశాలల పేరు జిల్లా అంతా తెలుసు. మనది అట్లాంటి బడి కాదు. గుడి ఆవరణలో, విచారణ గురువే కరస్పాండెంటుగా, తెలుగు మాధ్యమంలో నడిచిన చిన్న బడి. ఎయిడెడ్ పోస్టుల్లో ఉన్న పంతుళ్లకు ప్రభుత్వం జీతమిచ్చేది, పెంకుల మరమ్మతు, బెంచీలు, సుద్దముక్కలు విచారణ భరించేది.

పై అరను, అడుగు అరను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు నాకు కలిగిన ఆనందాన్ని ఇక్కడ చెప్పకుండా ఉండలేను. జ్ఞానస్నానపు పుస్తకంలో ‘పేత్రుస్’ అని రాసిన పిల్లవాడే బడి రిజిస్టరులో రాయప్ప. ఆ లాటిన్ మాటకు రాయి అన్న అర్థం ఉన్నది గనుక మన కథోలికులు ఆ పేరును అట్లా తమది చేసుకున్నారు. పౌలుస్ అంటే చిన్నవాడు, అందుకని చిన్నప్ప. ఇగ్నాసియుస్ మన నోట ఇన్నాసి అయి, ఇన్నయ్య అయ్యాడు. జేవియర్ శౌరి అయ్యాడు, జోసెఫ్ జోజి అయ్యాడు. నా తరగతిలో ఇద్దరు ఇన్నయ్యలు, ఒక శౌరమ్మ ఉండేవారు. వాళ్ల పేర్ల వెనుక ఇంత దూరం నడిచిన నడక ఉన్నదని అప్పుడు మాకెవరికీ తెలియదు.

నా పేరు పై అరలో లేదు. మాది కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. 1966లో మా నాయన నన్ను తీసుకొచ్చి చేర్పించినప్పుడు పుట్టిన తేదీ చెప్పలేకపోతే, హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ గారు జులై 1 అని వేశారు. ఆ పేజీలో అదే తేదీతో పుట్టినవాళ్లం ఏడుగురం ఉన్నాం. పక్కన తండ్రి వృత్తి గడి ఉంది. నా మట్టుకు ఈ బడి చరిత్ర అంతా ఆ ఒక్క గడిలో ఉంది: మిల్లు కార్మికుడు, నేత, హమాలీ, రైల్వే ఖలాసీ, రిక్షా, టైలరు, మళ్లీ నేత, మళ్లీ హమాలీ. మతం గడిలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ఒకరి కింద ఒకరు ఉన్నారు. రోజూ మొదటి గంటలో కథోలిక పిల్లలు సత్యోపదేశానికి, అంటే తమ మత పాఠానికి, వెళ్తే మిగిలిన మేము నీతి పాఠానికి కూర్చునేవాళ్లం. మధ్యాహ్నం పన్నెండుకు త్రికాల జపం గంట మోగగానే మాత్రం అందరం లేచి నిలబడేవాళ్లం. మిల్లు సైరన్, ఆ గంట, స్టేషన్ కూత, వీటితోనే మాకు పొద్దు తెలిసేది, ఇంట్లో గడియారం ఉన్నవాళ్లు తక్కువ.

1969 హాజరు పట్టీల్లో నెలల తరబడి గళ్లు ఖాళీగా ఉన్నాయి. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడ్డ ఆ రోజుల్లో నేను నాలుగో తరగతి. చదువు మరచిపోతామన్న దిగులుతో మా లెక్కల సార్, దగ్గరి ఇండ్ల పిల్లలను సాయంత్రం గుడి వరండాలో కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించేవారు. అందుకు ఆయనకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు, ఆయన అడగనూ లేదు. మేము మగ్గం గుంట దగ్గర ఎక్కాలు అప్పజెప్పుకుంటుంటే మా నాయన నాడె ఆపి వినడం నాకిప్పటికీ చెవుల్లో ఉంది. రిజిస్టరులో ఆ సాయంత్రాల జాడ ఎక్కడా లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తరువాతి సంగతి మీకందరికీ తెలిసిందే. ఇంగ్లీషు మాధ్యమం బడులు వీధికొకటి వచ్చాయి, పదవీ విరమణ చేసిన ఎయిడెడ్ పంతుళ్ల స్థానాల్లో కొత్తవారు రాలేదు, మిల్లు మూతపడింది, వృత్తి గడిలో ‘ప్రైవేటు ఉద్యోగం’, ‘ఆటో’ అన్న మాటలు పెరిగాయి.

అడుగు అరలో పదకొండు రిజిస్టర్లున్నాయి. చెదలు రెండింటి అంచులను తినేశాయి, ఒకదానిలో మొదటి ఇరవై పేజీలు ముట్టుకుంటే పొడిగా రాలుతున్నాయి. ఫాదర్ గారు ఒప్పుకున్నందున చౌరస్తా దగ్గరి బైండింగు దుకాణంలో అన్నిటికంటే పాతదానికి ముందుగా కొత్త అట్ట వేయించాం, పేజీ పేజీకి ఫోటో తీయించాం. మిగిలిన పదింటి పని వేసవి సెలవుల్లో మొదలుపెడతాం. ఆ పాత చేతిరాతను చదవగలిగినవారు, నడిమి అరలోని ఉర్దూ ఉత్తరాలను తెలుగు చేయగలిగినవారు ఆదివారం పూజ అయ్యాక ఆఫీసు గదికి వస్తే, నేను అక్కడే ఉంటాను.