ట్యాంకరు నాటకం ఎలా తయారైంది

బెంగళూరులో మారతహళ్ళి చుట్టుపక్కల ఉండే మేము ఎనిమిది మందిమి శని, ఆదివారాల్లో కలుసుకుని తెలుగు నాటకాలు ఆడుకుంటూ ఉంటాము. చాలాకాలం ఎవరో రాసిన నాటకాలే ఆడాము. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి, అపార్ట్‌మెంట్లన్నీ నీళ్ళ ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన రోజులు గడిచాక, దాని మీద మా సొంత నాటకం ఒకటి చేయాలనిపించింది. నెల రోజులు నేనే కూర్చుని సంభాషణలు రాశాను. అందులో ట్యాంకరు యజమాని దుర్మార్గుడు, అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి స్వార్థపరుడు, చివర ఒక యువకుడు ఉపన్యాసం ఇస్తాడు, తెర పడుతుంది. చదివి వినిపించినప్పుడు బాగాలేదని ఎవరూ అనలేదు, బాగుందనీ అనలేదు. ఒకాయన మాత్రం కాఫీ తెస్తానని మధ్యలోనే లేచి వెళ్ళారు.

రాజకీయ నాటకం అంటే ముందుగా తీర్పు రాసుకుని, దానికి తగిన పాత్రలను పేర్చుకోవడమే అని నేను అనుకున్నాను. ఆ నాటకాలు ఆడినవాళ్ళు వాటిని ఎలా కూర్చుకున్నారో చదివాక, నేను తలకిందులుగా మొదలుపెట్టానని తెలిసింది. ఢిల్లీలో సఫ్దర్ హష్మీ నడిపిన వీధి నాటక బృందం జన నాట్య మంచ్ 1978లో ఆడిన 'మెషీన్' ఇందుకు మంచి ఉదాహరణ. ఒక ఫ్యాక్టరీలో కార్మికులు అడిగింది సైకిళ్ళు పెట్టుకోవడానికి స్టాండు, టీ తాగడానికి క్యాంటీను. అంత చిన్న కోరికకు కాల్పులు ఎదురయ్యాయి. ఆ సంఘటనను సఫ్దర్ హష్మీ బృందం పట్టుమని పావుగంటైనా పట్టని వీధి నాటకంగా మలిచింది. అందులో నటులే తమ శరీరాలతో యంత్రమవుతారు, ఆ యంత్రం ఆగిపోతుంది. ముందు దొరికింది యంత్రం ఆగడమనే ఆ ఆకారమే అయి ఉంటుందనీ, మాటలు దాని వెనక వచ్చి ఉంటాయనీ నా ఊహ.

మేము సంభాషణల కాగితాలు పక్కన పెట్టి, బ్రెజిల్ దర్శకుడు అగస్తో బోవాల్ బృందం 1970 ప్రాంతంలో, సైనిక ప్రభుత్వం ఉన్న కాలంలో, వాడుకలోకి తెచ్చిన వార్తాపత్రిక నాటక పద్ధతితో మళ్ళీ మొదలుపెట్టాము. ఒక వార్తను మరో వార్తతో కలిపి ఒక్కొక్క వాక్యంగా మార్చి మార్చి చదవడం, లేదా వార్తను ఒక లయకు కట్టి చదవడం అందులోని మెళకువలు. 2024 మార్చిలో బెంగళూరు జిల్లా యంత్రాంగం ట్యాంకర్లకు ధరలు నిర్ణయించింది: అయిదు కిలోమీటర్ల లోపు అయితే 6,000 లీటర్లకు 600 రూపాయలు, 12,000 లీటర్లకు 1,000 రూపాయలు. ఆ పట్టికను ఒకరు గుడిలో సంకల్పం చెప్పినట్టు చదువుతుంటే, ఇంకొకరు మా సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చిన సందేశాలను మధ్యమధ్య చదివారు. పట్టికలోని ధరలకూ సందేశాల్లోని ధరలకూ ఎక్కడా పొంతన లేదు. వ్యాఖ్యానం ఒక్క ముక్క కూడా లేకుండా అందరూ నవ్వారు. నా స్క్రిప్టులో మూడు పేజీలు చేయలేని పని అది.

అసలు మలుపు మాత్రం మేము వెతుక్కున్నది కాదు. కార్యదర్శి, ట్యాంకరు డ్రైవరు పోట్లాడుకునే దృశ్యాన్ని మేడ మీద రిహార్సల్ చేస్తుండగా, కదిరి వైపు నుంచి వచ్చిన మా వాచ్‌మన్ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. "సార్, అట్ల కొట్లాడుకోరు. ట్యాంకరు రాత్రి రెండింటికి వస్తాది. మీరంతా నిద్రలో ఉంటారు. పైపు పట్టుకొనేది నేనే కదా" అన్నాడు. మాలో ఒకరు "అన్నా, ఎట్లుంటుందో మమ్మల్ని నిలబెట్టి చూపించు" అన్నారు. బోవాల్ దీన్నే ఇమేజ్ థియేటర్ పేరుతో సాధన చేయించాడు; పెరూలో 1973లో అక్షరాస్యతా కార్యక్రమం కోసం పనిచేసినప్పుడు, రకరకాల భాషల వాళ్ళు ఒకచోట చేరడం వల్ల, మాట లేకుండా శరీరాలను శిల్పాల్లా నిలబెట్టే ఈ పద్ధతి ఆయనకు అవసరపడింది. మా వాచ్‌మన్ మాటలు లేకుండానే డ్రైవరును స్టీరింగు మీద తల వాల్చి పడుకోబెట్టాడు, తన పాత్రధారి చేతికి పైపు ఇచ్చాడు, కార్యదర్శిని మూడో అంతస్తు బాల్కనీలో ఫోను చూస్తూ నిలబెట్టాడు. ముగ్గురిలో ఒక్కరూ మరొకరిని చూడటం లేదు. నా నాటకంలోని పోట్లాట అంతటితో చెరిగిపోయింది.

ఇక కథను ఎవరు నడపాలన్న సమస్యకు పరిష్కారం బ్రెజిల్ నుంచి రానక్కరలేదు, మన బుర్రకథలోనే ఉంది. నాజర్, ప్రజానాట్యమండలి కళాకారులు 1940లలో ఊరూరా చెప్పిన ఆ కథల్లో, కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉంటారు: ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం. ఆ రెండో వంతకు పేరే రాజకీయం కావడం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కథ ఉద్వేగంలో ఉండగా వాళ్ళు అడ్డం తగిలి, ప్రశ్న వేసి, ఇవాళ్టి సంగతి ఒకటి చొప్పించి మళ్ళీ కథకుడికి అప్పగిస్తారు. ప్రేక్షకుడు కథలో మునిగిపోకుండా ఆలోచించాలని జర్మన్ నాటకకర్త బ్రెష్ట్ సిద్ధాంతం కట్టి చెప్పినదానికి ఇది చాలా దగ్గర. మేము గుమ్మెట తేలేక ఖాళీ నీళ్ళ క్యాను వాయించాము. ఆ ధరల పట్టిక రాజకీయం వంత నోటికి చేరింది.

క్లబ్‌హౌసులో ఇరుగుపొరుగు వాళ్ళ ముందు ఆడిన రోజు మాత్రం పెద్ద పొరపాటు చేశాము. ప్రేక్షకులే వేదిక మీదికి వచ్చి కథను మార్చే బోవాల్ ఫోరం పద్ధతిని ప్రయత్నిస్తూ, ఎవరి స్థానంలోకైనా రావచ్చని చెప్పాము. అందరూ కార్యదర్శి స్థానంలోకే వచ్చారు! వచ్చిన ప్రతివారూ మహా ఉదారులైపోయి, వాచ్‌మన్‌కు కుర్చీ వేసి, టీ ఇప్పించారు. సమస్య రెండు నిమిషాల్లో మాయమైంది. పీడించేవాడి స్థానంలోకి ఎవరినీ రానివ్వకూడదని, పీడితుడి స్థానంలోకే రావాలని బోవాల్ పెట్టిన నియమం ఊరికే పెట్టినది కాదు. పెత్తనం ఉన్నవాడు తనంతట తాను మంచివాడైపోవడం నాటకంలో పరిష్కారం కాదు, మంత్రం.

తరువాతి నెల ఆ నియమంతోనే మళ్ళీ ఆడాము. ఒక టీమ్ లీడ్ వాచ్‌మన్ పాత్రలోకి వచ్చి, పైపు అందుకుని, "రాత్రి పని చేయను, కావాలంటే మానేస్తాను" అన్నారు. కార్యదర్శి వేషంలో ఉన్న మా మిత్రుడు ఏ మాత్రం గొంతు పెంచకుండా, "సరే, గది తాళాలు ఇచ్చి వెళ్ళు" అన్నాడు. ఉద్యోగం పోతే తలదాచుకునే గదీ పోతుందన్న సంగతి, అదే ఆవరణలో నాలుగేళ్ళుగా ఉంటున్న ఆయనకు అప్పటిదాకా తట్టలేదు, నిజానికి నాకూ తట్టలేదు. ఆయన కొంతసేపు పైపు పట్టుకునే నిలబడి, వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు. తరువాత ఇంకొకావిడ లేచి, పక్క అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లను కూడగట్టుకుని వచ్చి అడుగుతానన్నారు. ఆ ప్రయత్నం ఎక్కడిదాకా పోతుందో తేల్చడానికి మాకు మరో నలుగురు నటులు కావాలి. ప్రస్తుతం ఆ దృశ్యాన్ని తాళాల దగ్గరే ఆపి, వచ్చే ఆదివారం రిహార్సల్‌కు మా వాచ్‌మన్‌ను పిలిచాము, పగటిపూట ట్యాంకరు ఏదీ రాకపోతే వస్తానన్నాడు.